కోబాల్ట్ మీద పడిన నింద

జూన్ 3

పెద్దమ్మా,

పిల్లల కోసం నువ్వు రాస్తున్న పదాల పుస్తకంలో ‘క’ దాకా సాపు రాసి దీనితో పంపుతున్నాను. ‘కోబాల్ట్’ అని పైన రాసి కింద ఖాళీ వదిలేశావు. ఆ కాగితం అలాగే ఉంచాను. ఆ మాట ఎలా పుట్టిందో నువ్వు రాసి పంపితే చేరుస్తాను. నాకూ తెలుసుకోవాలని ఉంది. ఎందుకంటే రెండు నెలలుగా రోజూ దానితోనే నా పని.

ఫోన్ చెయ్యడం లేదని అమ్మ నీ దగ్గర చాడీలు చెప్పి ఉంటుంది. హాస్టల్లో ఫోన్ వరండాలో ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఉత్తరమే నయం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మా ఫ్యాక్టరీ నీలం టైల్స్‌కి పేరు. మూడు వారాలుగా అవి బట్టీలోంచి వంకాయరంగులో వస్తున్నాయి. కొన్నవాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపారు. కారణం ఏమిటో కనిపెట్టమని మేనేజరు గారు నాకు అప్పగించారు. నీలం రంగు కోబాల్ట్ ఆక్సైడ్ వల్ల వస్తుంది. అది చాలా ఖరీదైన నల్లటి పొడి, చిన్న డబ్బాల్లో ఉంటుంది. గోధుమరంగు టైల్స్ కోసం వాడే మాంగనీస్ డయాక్సైడ్ కూడా నల్లటి పొడే. అది బస్తాల్లో ఉంటుంది. దానికి లెక్కాపత్రం పెద్దగా ఉండదు. మాంగనీస్ కలిస్తే నీలం వంకాయరంగుకు తిరుగుతుందని ఇక్కడి పుస్తకంలో ఉంది. అంటే ఎవరో డబ్బాలోంచి కోబాల్ట్ కొంత తీసేసి, మాంగనీస్‌తో నింపుతున్నారని మేనేజరు గారి అనుమానం.

రెండూ ఉండేది ఒకే స్టోరులో. తాళాలు ఉండేది ఒకరి దగ్గరే. ఆయన్ని అందరూ ‘తాళాలాయన’ అంటారు. అసలు పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే పని చేస్తున్నారు. నేను వెళ్తే “ఏం అమ్మాయిగారూ, మా పొడులు ఏమంటున్నాయి?” అని నవ్వుతూ అడుగుతారు. మంచివారిలాగే ఉంటారు. కానీ రోజూ సాయంత్రం చేతిలో ఒక సంచీతో వెళ్తారు. అందులో డబ్బాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు నాకు వినపడలేదు. ఇప్పుడు అదే వినపడుతోంది.

ఈ రెండు నల్లపొడులను వేరు పట్టడం ఎలా? ఇక్కడ నా ల్యాబులో సామగ్రి మన స్కూలు ల్యాబులో ఉన్నంత కూడా లేదు.

నీ పిల్లి

జూన్ 8

పిల్లీ,

సాపు చూశాను. నా కోడిగీతలు నీ చేతిలో పడి బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. రెండుచోట్ల నా తప్పులు కూడా భక్తిగా దించేశావు. పెద్దమ్మ రాసిందల్లా వేదం అనుకోకు.

నల్లపొడి సంగతి నన్ను అడగడానికి సిగ్గు లేదూ? తొమ్మిదో తరగతిలో మీ నలభై మందికీ కంఠతా పట్టించానే! గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి వెచ్చచెయ్యి. ఆకుపచ్చ, పసుపు కలిసిన వాయువు వచ్చి ముక్కు మండితే అది క్లోరిన్. నల్లపొడిలోంచి క్లోరిన్ వచ్చిందంటే అందులో మాంగనీస్ ఉన్నట్టే. తడి లిట్మస్ కాగితం పట్టుకుంటే తెల్లబడిపోతుంది. కిటికీ తెరిచి చెయ్యి. ముక్కు పెట్టి పీల్చకు, చేత్తో విసురుకో.

ఆ తాళాలాయన మీద ఒక కన్నేసి ఉంచు. తియ్యగా మాట్లాడేవాళ్ళను నేను పరీక్షల్లో ముందు బెంచీలో కూర్చోబెట్టేదాన్ని. ముప్పై ఏళ్ళలో ఎన్ని చీటీలు పట్టుకున్నాను! జామెట్రీ బాక్సు అడుగున, జడ రిబ్బన్లో, ఒకసారి చేతికట్టులో. విరగని చేతికి కట్టు! ఆ పిల్ల కూడా “గుడ్ మార్నింగ్ మిస్” అని అందరికన్నా ముందు లేచేది.

కోబాల్ట్ మాట గురించి వెతికి రాస్తాను. కంటికి మందు వేసుకుంటున్నాను, రోజుకి గంటే చదవనిస్తున్నారు.

పరీక్ష చేశాక నాకు రాయి.

పెద్దమ్మ

జూన్ 13

పెద్దమ్మా,

చేశాను. స్టోరులో వాడకంలో ఉన్న డబ్బాలోంచి చెంచాడు పొడి తెచ్చి, నువ్వు చెప్పినట్టే ఆమ్లం పోసి వెచ్చచేశాను. ద్రావణం ముదురు నీలంగా మారింది. అంటే కోబాల్ట్ ఉంది. కానీ ఆ వాయువు కూడా వచ్చింది. కళ్ళు మండాయి. లిట్మస్ కాగితం నా చేతిలోనే తెల్లబడింది. రెండోసారి చేశాను, మళ్ళీ అంతే. కోబాల్ట్‌లో మాంగనీస్ కలిసిందన్నమాటే కదా?

సరిగ్గా అప్పుడే తాళాలాయన జల్లెడ ఇవ్వడానికి మెట్లెక్కి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. “ఏంటండీ అమ్మాయిగారూ ఈ ఘాటు? మీకు ముందున్న మేడమ్ గారు ఎప్పుడూ ఇలాంటి వంటలు వండలేదే!” అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ చూపు మాత్రం పరీక్షనాళిక మీంచి తిప్పలేదు. “అందులో ఏముంది?” అని అడిగారు. “ఏం లేదండీ” అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసు. ఆయన చూశారనుకుంటాను. జల్లెడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర నాకన్నా పది అడుగులు ముందు నడిచారు. సంచీలో డబ్బాలు చప్పుడవుతూనే ఉన్నాయి. నన్ను చూసి నడక తొందర చేశారు. లేదా నాకు అలా అనిపించింది.

మేనేజరు గారు రెండుసార్లు పిలిచి “ఏమైనా తేలిందా?” అని అడిగారు. నీళ్ళు నమిలాను. ఆయన చిరాకు పడలేదు. కుర్చీ చూపించి, ఓపిగ్గా విన్నారు. “మీకు ఏం తెలిసినా కాగితం మీద పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను” అన్నారు. ఇక్కడ నా మాట పూర్తయ్యేదాకా ఆగేది ఆయనొక్కరే.

ఏం చెయ్యమంటావు?

పిల్లి

జూన్ 14

పిల్లీ,

నీ జవాబు ఇంకా రాలేదు. పోస్టుమాన్ కోసం కాచుకుని కూర్చోవడం నాకు చేతకాదు గనక కోబాల్ట్ రాసేశాను. ఖాళీ వదిలిన కాగితంలో ఇది చేర్చు:

“కోబాల్ట్: ‘కోబోల్డ్’ అనే జర్మన్ మాట నుంచి వచ్చిందంటారు. కోబోల్డ్ అంటే గనుల్లో తిరిగే కొంటె పిశాచం. వెండి గనుల్లో పనివాళ్ళకు అప్పుడప్పుడు వెండిలా మెరిసే రాయి దొరికేది. దాన్ని కాలిస్తే వెండి వచ్చేది కాదు. ఘాటు పొగ వచ్చి మనుషులు జబ్బుపడేవారు. పిశాచం వెండి కాజేసి, దాని చోట ఈ పనికిమాలిన రాయి పెట్టిందని వాళ్ళు నమ్మారు. రాయినే ఆ పేరుతో తిట్టారు. నిజానికి ఆ రాయిలో వాళ్ళనుకున్న వెండి ఎప్పుడూ లేదు. ఆ పొగ రాయిలోనే ఉన్న ఆర్సెనిక్ వల్ల వచ్చింది. తరువాత కాలంలో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు అందులో కొత్త లోహం ఉందని తేల్చాడు. దొంగతనమే జరగలేదని తెలిశాక కూడా దొంగ పేరు పోలేదు.”

ఎలా ఉంది? చివరి వాక్యం పిల్లలకు పాఠంలా ఉంటుందని వేశాను. అక్కర్లేదనుకుంటే కొట్టెయ్యి.

నీ ఉత్తరంలో మేనేజరు గారు, మేనేజరు గారు అని రెండుసార్లు వచ్చింది. ఎవరా మహానుభావుడు? పెళ్ళయిందా?

పెద్దమ్మ

జూన్ 20

పెద్దమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. కోబాల్ట్ గురించి రాసినది చేర్చాను. చివరి వాక్యం కొట్టెయ్యలేదు. అది పిల్లల కోసం రాశారో, నా కోసం రాశారో నాకు తెలుసు.

సూటిగా అని ఉంటే బాగుండేది. నేను పిశాచాన్ని నమ్మేదాన్ని కాను. మీరు చెప్పిన పరీక్ష, మీరు చెప్పినట్టు, రెండుసార్లు చేశాను. “ఒక కన్నేసి ఉంచు” అన్నది మీరు. ఇప్పుడు దొంగతనమే జరగలేదంటున్నారు. మేనేజరు గారి గురించి అడిగినది కూడా అర్థమైంది. ఆయన చెప్పినట్టల్లా ఆడుతున్నానని మీ ఉద్దేశం. అమ్మ మీకు ఏం రాసిందో నాకు తెలియదు.

పదిహేడో తేదీన రిపోర్టు ఇచ్చాను. “వాడకంలో ఉన్న కోబాల్ట్ ఆక్సైడ్‌లో మాంగనీస్ కలిసింది” అని రాసి సంతకం పెట్టాను. ఏ పద్ధతిలో పరీక్షించానో చెప్పాల్సిన చోట మీ పేరు, మన స్కూలు పేరు రాశాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న టీచరు చెప్పిన పద్ధతి అంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను.

మర్నాడు తాళాలాయన్ని పనిలోకి రావద్దన్నారు. నెలాఖరులోగా ఆయన తప్పు లేదని తేలకపోతే పూర్తిగా తీసేస్తారట. ఆయన ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చి, నడుముకున్న తాళాలగుత్తి విప్పి బల్ల మీద పెట్టారు. అది విప్పడానికి చాలాసేపు పట్టింది. నేను మెట్ల మీద ఉన్నాను. “మీరేనా రాసింది?” అని అడిగారు. తల ఊపాను. “సరే” అన్నారు. తప్పు చేయనివాళ్ళు గట్టిగా అరుస్తారు కదా? ఆయన ఎందుకు అరవలేదు?

ఇట్లు,
మీ చెల్లెలి కూతురు

జూన్ 24

పిల్లీ,

“పెద్దమ్మ గారికి” అట! “మీరు” అట! క్లాసులో తప్ప నన్ను ఎప్పుడైనా అలా పిలిచావా? నీ ఉత్తరం రెండుసార్లు చదివి, పక్కింటావిడతో ఊరికే పోట్లాడాను.

ముందు ఇది విను. నేను పద్నాలుగున రాసిన ఉత్తరం నీ పరీక్ష సంగతి తెలియక ముందే రాసినది. నీ జవాబు ఇంకా రాలేదని మొదటి వాక్యంలోనే ఉంది, చూడు. నీ పదమూడో తేదీ ఉత్తరం నాకు పద్దెనిమిదిన చేరింది. కంటి మందు వంకతో జవాబు వాయిదా వేశాను. నిన్ను దెప్పడానికి జర్మనీ దాకా వెళ్ళాల్సిన ఖర్మ నాకేం? దెప్పాలంటే తెలుగులోనే దెప్పుతాను. మీ అమ్మ నాకేమీ రాయలేదు.

నా పేరు రిపోర్టులో వేశావని చదివినప్పుడు మాత్రం నాకూ ఒక పాడు ఆలోచన వచ్చింది. రేపు తేడా వస్తే తప్పు నా మీదికి నెట్టడానికే వేశావేమో అని. నా చేతుల మీద పెరిగిన పిల్ల గురించి నాకు ఈ ఆలోచన రావడమేమిటని కాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. అనుమానం అంటువ్యాధి. నీకు అంటించింది నేనే.

ఇక అసలు మాట. సీలు తియ్యని కొత్త డబ్బా మీద ఆ పరీక్ష చేశావా? ఎవరి చెయ్యీ పడని పొడి ఎలా ఉంటుందో తెలియకుండా, చెయ్యి పడిన పొడి సంగతి ఎలా చెప్పావు? నేను ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. చీటీల కథ చెప్పడానికి మాత్రం తీరిక దొరికింది.

వెంటనే చెయ్యి. నెలాఖరు అంటున్నావు. ఉత్తరం కోసం చూడకు, ఆ వరండా ఫోన్ దగ్గరకైనా వెళ్ళు.

పెద్దమ్మ

జూన్ 29

పెద్దమ్మా,

ఫోన్ దగ్గరకు రెండుసార్లు వెళ్ళాను. నా ముందున్న అమ్మాయి పెళ్ళిచూపుల గురించి మాట్లాడుతూ ఉంది. వెనక్కి వచ్చేశాను. నన్ను తిట్టు.

కొత్త డబ్బా సీలు అందరి ముందూ తీసి పరీక్షించాను. అదే వాయువు, అంతే ఘాటు. లిట్మస్ అలాగే తెల్లబడింది.

అంటే కల్తీ చేసింది తాళాలాయన కాదు, అమ్మినవాళ్ళే! పరుగున మేనేజరు గారి దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆయన నా మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. ఇదే మొదటిసారి. “అమ్మినవాళ్ళు పెద్ద కంపెనీ. వాళ్ళ మీద రాస్తే కోర్టులదాకా పోతుంది. ఒకసారి సంతకం పెట్టాక మళ్ళీ మార్చడమేంటి? పిల్లలాటా?” అన్నారు. తొందర తొందరగా కాగితాలు సర్దుకున్నారు. ఆయన ఎందుకు వద్దంటున్నారు? ఆయనకూ అమ్మినవాళ్ళకూ ఏమైనా ఉందా? ఇప్పుడు ఆయన బల్ల మీద కొత్త పెన్ను కనపడినా ఎక్కడిదని అనిపిస్తోంది.

అయినా గడువు పొడిగించమని బతిమాలాను. జూలై పదిహేను దాకా అన్నారు.

ఇంకొకటి. గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆ సంచీ గురించి అడిగాను. “ఖాళీ డబ్బాలమ్మా. రోజూ నేనే చూసి పంపుతాను. ఇంట్లో కత్తిరించి గరాటాలు చేస్తాడు. మీ ల్యాబులో ఉన్న గరాటాలు ఎక్కడివనుకున్నారు?” అన్నాడు. నేను రోజూ వాడేవి. ఇన్ని రోజుల్లో ఈ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు.

పిల్లి

జూలై 4

పిల్లీ,

అమ్మినవాళ్ళూ దొంగలు కారు. మీ మేనేజరు పెన్ను జోలికి పోకు.

నిన్న నా పాత కాలేజీ పుస్తకాలు కిందికి దింపించి, పక్కింటావిడ చేత చదివించుకున్నాను. ఆవిడకు అక్షరం అర్థం కాకపోయినా గొంతెత్తి చదివింది. కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఏ కల్తీ లేకపోయినా, ఆ నల్లపొడి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో క్లోరిన్ ఇస్తుందట! అది దాని గుణం. అందులో మాంగనీస్ ఇసుమంత కూడా ఉండక్కర్లేదు. మూడుసార్లు చదివించాను.

మన స్కూలు ల్యాబు అలమారలో నల్లపొడులు రెండే ఉండేవి. కాపర్ ఆక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్. కాపర్ ఆక్సైడ్ క్లోరిన్ ఇవ్వదు. కాబట్టి క్లోరిన్ వస్తే మాంగనీస్ అని చెప్పాను. ఆ రెండింటికీ అది సరిపోయింది. ముప్పై ఏళ్ళు అదే చెప్పి, లోకంలో ఉన్న నల్లపొడులన్నీ నా అలమారలోనే ఉన్నాయనుకున్నాను. కోబాల్ట్ ఆక్సైడ్‌ని నేను కళ్ళతో చూడనేలేదు.

తప్పు నాది. దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. అందులో ఇదంతా నా సంతకంతో ఉంది. పుస్తకం పేరు, పేజీ కూడా వేశాను. మీవాళ్ళకు చూపించు. కానీ నీ సంతకం నీదే తల్లీ. దాన్ని నేను చెరపలేను.

ముందు ఆయన ఇంటికి వెళ్ళు. ఏం చెప్పాలో నన్ను అడగకు. నా చెప్పుడు మాటలతోనే ఇంతదాకా వచ్చింది.

పెద్దమ్మ

జూలై 16

పెద్దమ్మా,

ఎనిమిదో తేదీన ఆయన ఇంటికి వెళ్ళాను. రెండు గదుల వాటా. తలుపు ఆయన భార్య తీసింది. “ఎవరమ్మా?” అంది. “ల్యాబులో పని చేస్తానండీ” అన్నాను. ఆవిడ లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. ఆయన వెనక వరండాలో రేకు కత్తిరిస్తున్నారు. లేవలేదు.

నిలబడే చెప్పాను. పరీక్ష తప్పని, పొడి మంచిదేనని, ఆయన ఏమీ చెయ్యలేదని. ఎంత చిన్నగా చెప్పానో, ఆయన రెండుసార్లు “ఆఁ?” అన్నారు. మూడోసారికి విన్నారు.

“నేను ఏమీ చెయ్యలేదని నాకు ముందే తెలుసు కదండీ” అన్నారు. తరువాత కత్తెర పక్కన పెట్టారు. “టైల్స్ రంగు ఎప్పట్నుంచి మారిందో తెలుసా? వాటి మీద పూసే గ్లేజులో కలిపే తెల్లపొడి పాతది దొరకట్లేదని మేనేజరు గారు కొత్తది తెప్పించారు. ఆ బస్తాలు విప్పిన వారం నుంచి. అడిగితే చెప్పేవాణ్ణి.”

“మీరే చెప్పచ్చు కదండీ?” అన్నాను.

“ఎవరికి? ఆయన తెప్పించిన సరుకు గురించి ఆయనకేనా? మిమ్మల్ని అడగడానికి పైకి వచ్చాను. అందులో ఏముందన్నాను. ఏం లేదన్నారు.”

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ల్యాబులో పాత తెల్లపొడి ఒక సీసాడు మిగిలి ఉంది. నాలుగు చిన్న టైల్స్ చేశాను. పాత తెల్లపొడితో రెండు, కొత్తదానితో రెండు. ఒక్కో జతలో ఒకదానికి వాడకంలో ఉన్న డబ్బా కోబాల్ట్, ఇంకోదానికి కొత్త డబ్బాది. బట్టీ చల్లారేదాకా పక్కనే కూర్చున్నాను. పాత పొడివి రెండూ చక్కటి నీలం. కొత్త పొడివి రెండూ వంకాయరంగు. బస్తా మీది చీటీ చదివితే, కొత్తదాంట్లో టాల్క్ ఎక్కువ. మనం మొహానికి రాసుకునే పౌడరే. అందులోని మెగ్నీషియం కోబాల్ట్ నీలాన్ని అలా మారుస్తుందని ఇక్కడి పుస్తకంలోనే ఉంది. మాంగనీస్ గురించి చదివిన పేజీకి నాలుగు పేజీల తరువాత. నాకు కావలసింది దొరికిందని అక్కడే చదవడం ఆపేశాను.

మేనేజరు గారు టైల్స్ చూసి తలుపు దగ్గరకు వేశారు. “ఇది పైవాళ్ళకి తెలిస్తే నా మీదికి వస్తుంది. మీ మీదికీ వస్తుంది. మీరింకా పర్మనెంటు కూడా కాలేదు. ఆలోచించుకోండి” అన్నారు. ఆయనకు ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నాకు తెలియదు. మొహం చూసి చెప్పడం మానేశాను. “ఆలోచించానండీ” అన్నాను.

యజమానికి నేనే ఉత్తరం రాసి పంపాను. పద్నాలుగున ఆయన ముందు అందరినీ కూర్చోబెట్టారు. నాకు గొంతు రాదని ముందే తెలుసు గనక అంతా రాసుకుని వెళ్ళాను. “నేను జూన్ పదిహేడో తేదీన సంతకం పెట్టిన రిపోర్టు తప్పు” అని మొదటి వాక్యం. గుమాస్తా “గట్టిగా చదవండి మేడమ్, వెనక్కి వినపడట్లేదు” అన్నాడు. మళ్ళీ మొదటినుంచి చదివాను. నీ కాగితం చూపించలేదు పెద్దమ్మా. నా దగ్గరే ఉంచుకున్నాను. పుస్తకం పేరు, పేజీ మాత్రం చెప్పాను.

తాళాలాయన్ని పనిలోకి పిలిచారు. నన్ను ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు. మేనేజరు గారు ఇప్పుడు నాతో చీటీల మీద మాట్లాడుతున్నారు. నీకు ఆయన పెళ్ళి సంగతి ఇక అక్కర్లేదనుకుంటాను.

ఈ ఉదయం కోబాల్ట్ కోసం స్టోరుకు వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టి, “అక్కడే ఉండండి” అన్నారు. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్‌ని పిలిపించారు. అతని ఎదురుగా డబ్బా మూత తీసి, వంద గ్రాములు తూచారు. మిగిలిన పొడితో డబ్బాను మళ్ళీ తూచారు. మూత చుట్టూ కాగితం అంటించి, దాని మీద ముందు అతని సంతకం, తరువాత నాది పెట్టించుకున్నారు. తరువాత పొడి పొట్లం గుమ్మం దాటించి నా చేతిలో పెట్టారు. అమ్మాయిగారూ అనలేదు, మేడమ్ అన్నారు. మర్యాదలో ఏ లోపం లేదు.

మీ మీద నమ్మకం లేక కాదండీ అంటారేమోనని కాసేపు నిలబడ్డాను. ఆ మాట ఆయన అనలేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి.

నీ పిల్లి